ఇంటా బయటా: పని పూర్తయిన మర్నాడు

ఈ నెల మన శీర్షికకు విషయం కంబైనల్లూరు వైపునుంచి వచ్చింది. అక్కడి మన తెలుగు కుటుంబాలలోని ఒక సోదరి ఇట్లా అడిగారు: “మా అబ్బాయి బెంగుళూరులో ప్రాజెక్టు మేనేజరు. ఈమధ్య ఇంటికి వచ్చినప్పుడల్లా ‘సస్టైనబిలిటీ’ అనే మాట వల్లిస్తున్నాడు. ప్రతి ప్రాజెక్టులోనూ దానిని కలపాలట. దానికి పరీక్షలూ, సర్టిఫికెట్లూ వున్నవట. చెట్లు నాటడమేనా నాయనా అంటే నవ్వుతాడు. ఇంతకూ అదేమిటి? మావంటి వారికి అందులో పనికివచ్చేది ఏమైనా వున్నదా?”

వున్నది సోదరీ, చాలా వున్నది. ఆ మాటకు పత్రికలవారు ‘సుస్థిరత’ అని పేరుపెట్టారు. వాడుక మాటలో ‘నిలకడ’ అనుకుంటే సరిపోతుంది. ఒక పని తలపెట్టినప్పుడు మనమంతా మూడు ప్రశ్నలు వేసుకుంటాము: ఎంత అవుతుంది? ఎన్నాళ్ళు పడుతుంది? గట్టిగా వస్తుందా? ప్రాజెక్టు నిర్వహణ అనే శాస్త్రం చాలాకాలం ఈ మూడింటి చుట్టూనే తిరిగింది. ఇప్పుడు దానికి నాలుగో ప్రశ్న తోడైంది: పని పూర్తయిన మర్నాటినుంచి ఏమవుతుంది? దానిని ఎవరు కాపాడతారు, ఏ నీరు తాగి, ఏ కరెంటు తిని బతుకుతుంది, దాని చెత్త ఎక్కడికి పోతుంది, దానివల్ల ఎవరి బతుకు చెడుతుంది, రేపటి పిల్లలకు ఏమి మిగులుతుంది? ఇవన్నీ ఆ నాలుగో ప్రశ్న పిల్లలే.

1987లో నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి కమిషను ఒక నివేదిక ఇచ్చింది. నేటివారి అవసరాలు తీరాలి, కాని రేపటివారు తమ అవసరాలు తీర్చుకొనే శక్తిని మనం హరించకూడదు అని దాని సారాంశం. 2015లో దేశాలన్నీ కలిసి 17 లక్ష్యాలు పెట్టుకున్నవి. ప్రాజెక్టుల వారికి ప్రత్యేకంగా కొలబద్దలు కూడ వచ్చినవి. అందులో ‘పి-5’ అనేదొకటి. తయారయ్యే వస్తువు, దానిని తయారుచేసే పద్ధతి, మనుషులు, భూమి, కలిమి అనే ఐదింటిమీద పని ప్రభావం ఎట్లా వుంటుందో మొదలుపెట్టకముందే లెక్కవేయాలంటుంది. ఆ అబ్బాయి చదువుతున్న పరీక్షలు ఇట్లాంటివే.

కాని ఈ సంగతి తెలుసుకోవడానికి నార్వే దాకా పోనక్కరలేదు. కంబైనల్లూరు చుట్టుపట్లే పాఠాలు పరచివున్నవి.

ఊరికి చేరువన పారే ఏరు దక్షిణ పినాకిని. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. నెల్లూరును తడిపే మన ఉత్తర పినాకినికి ఇది సొంత చెల్లెలు. ఇద్దరూ నందికొండల దగ్గర పుట్టి, అక్క నెల్లూరు సీమకూ, చెల్లెలు హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి సీమలమీదుగా కడలూరుకూ పోయి సముద్రంలో కలుస్తారు. అక్కచెల్లెళ్ళిద్దరి ఒడ్డునా తెలుగు వినిపిస్తుంది. ఇద్దరి సీమలనూ పట్టిన జబ్బు కూడ ఒకటే, నీటిలో ఫ్లోరైడు.

ఈ జబ్బును మన దేశంలో వైద్యులు మొదట గుర్తించి 1937లో వెల్లడించింది తెలుగునాటనే. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలలో పళ్ళమీద గారలూ, బిగుసుకుపోయిన వెన్నెముకలూ చూసి, కారణం తాగునీరేనని తేల్చారు. ఆ తరువాత నల్లగొండ జిల్లా పేరు దేశమంతా మోగింది. ధర్మపురి సీమలోనూ ఇదే కథ. రాతినేలలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడు ఊటనీటిలోకి దిగుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించితే తాగడానికి పనికిరాదని ప్రమాణం. చూపుకు ఆ నీరు తేటగానే వుంటుంది, కాచినా ఫ్లోరైడు పోదు. అదే దీనిలోని మోసం.

మందు లేక కాదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనా సంస్థవారు 1970లలో ఒక పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి తగుపాళ్ళలో కలిపి, కలియబెట్టి, పేరుకున్న మడ్డిని దించి, పైనీటిని వడకట్టాలి. సులువైనది, చౌకైనది, ఊరివారే చేసుకోగలిగినది. అయినా చాలాచోట్ల మూలపడింది. నీటి గుణాన్నిబట్టి పటిక మోతాదు రోజూ చూసుకోవాలి. ఆ చూసే మనిషి జీతం ఏ పద్దులో వ్రాశారు? అడుగున దిగిన మడ్డిలో ఫ్లోరైడంతా చేరి వుంటుంది. దానిని ఎక్కడ పారబోయాలి? కడుతున్నప్పుడు ట్యాంకుకూ గొట్టాలకూ ఎస్టిమేటు వేశారు కాని ఈ రెంటికీ వేయలేదు. మడ్డిని తిరిగి ఊరి పల్లంలోనే పోస్తే ముందు గుమ్మంలోంచి వెళ్ళగొట్టిన దొంగకు పెరటి తలుపు తీసినట్టే గదా!

ఈ అనుభవమంతా అయిన తరువాత ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు హొగెనకల్ దగ్గర కావేరి నీటిని ఎత్తి ఊరూరికీ పంపే పథకం వచ్చింది. 2008లో జపాను ప్రభుత్వ బ్యాంకు అప్పు ఇవ్వడానికి ఒప్పుకున్నది. 1,900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో కట్టి 2013 మే 29న ప్రారంభించారు. దాని పేరులోనే ఒక విశేషం వున్నది: ‘నీటి సరఫరా, ఫ్లోరోసిస్ నివారణ పథకం’. గొట్టం వేయడంతో ఆగక జబ్బు తగ్గించడాన్ని కూడ లక్ష్యంగా వ్రాసుకున్నారు. ఇది చిన్న సంగతి కాదు. గొట్టం వేయడం లక్ష్యమైతే ఎన్ని మైళ్ళు వేశామో లెక్కపెట్టుకొని చేతులు కడుక్కోవచ్చు. జబ్బు తగ్గడం లక్ష్యమైతే పదేళ్ళ తరువాత బడిపిల్లల పళ్ళు చూడవలసి వుంటుంది. ఒకటి కంట్రాక్టరు బిల్లుతో ముగుస్తుంది. రెండోది పిల్లల నవ్వులో కనిపించాలి.

మరి ఈ పథకానికి నాలుగో ప్రశ్న వేస్తే? కావేరి కిందనుంచి పైకి ఎక్కాలి కనుక కరెంటు ఎన్నడూ కావాలి. కావేరిలో నీరు తగ్గిన ఏడు చూసుకోవాలి. కొస ఊరి కుళాయికి నాలుగు రోజులు నీరు రాకపోతే ఇల్లాలు ఏమి చేస్తుంది? పిల్లలు దాహమంటే బోరు దగ్గరకు బిందె తీసుకుపోతుంది. ఆ బోరు నీరే మొదటి జబ్బు. కాబట్టి కావేరి గొట్టం వచ్చిందిగదా అని ఊరి చెరువునూ, వాననీటినీ మరచిపోవడానికి లేదు. వానచుక్క భూమిలోకి ఇంకితే ఊటనీరు కొంత పలచబడుతుంది. ఇంకకపోతే బోర్లు ఇంకా లోతుకు పోతాయి. లోతు పెరిగినకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడూ పెరుగుతుంది. ఒక పథకం బతకడానికి మరొక చిన్న పథకం ఆసరా కావాలి. నిలకడ అంటే ఇదీ ఒక అర్థమే.

ఇక రెండో పాఠం ఎగువన కృష్ణగిరి ఆనకట్ట. దక్షిణ పినాకినిమీద 1957 ప్రాంతంలో వాడకంలోకి వచ్చింది. కామరాజు గారు మద్రాసు ముఖ్యమంత్రిగా వున్న రోజులవి. ఎంతో పొలానికి అన్నం పెట్టింది. 2017 నవంబరు 29న దాని మొదటి గేటు విరిగిపోయి, దాచుకున్న నీరు ఏటిపాలైంది. ఒడ్డు ఊళ్ళవారికి హెచ్చరికలు చేశారు. గేటు సరిచేయడానికి మిగిలిన నీటిని కూడ వదలవలసి వచ్చింది. తరువాత ఆ గేటునూ, మిగిలిన పాత గేట్లనూ మార్చారు. అరవయ్యేళ్ళు నీటిలో నానిన ఇనుము అది. రాతికట్టడం నూరేళ్ళు వుండవచ్చు. దాని ఇనుప గేటు అంతకాలం వుండదు. కట్టిననాడే “ఇన్నేళ్ళకు గేట్లు మార్చాలి, దానికి ఏటా ఇంత సొమ్ము పక్కన పెట్టాలి” అని వ్రాసుకొని, అట్లా పెట్టివుంటే ఆ నీరు పొలాలకు పారివుండేది.

ఏడేళ్ళ తరువాత ఇదే పాఠం మన తెలుగువారికి ఇంకా పెద్దగా వినిపించింది. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాముకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. కర్నాటక, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల రైతులు ఊపిరి బిగబట్టారు. గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్యనాయుడు గారు ముసలితనంలో అక్కడికి వెళ్ళి, పారే నీటిలోనే ఇనుప పలకలు ఒకదానిమీద ఒకటి దింపించి వారంరోజులలో గండి మూయించారు. ఆయనకు చేతులెత్తి మొక్కవలసిందే. కాని ఒక మాట ఆలోచించండి. మూడు రాష్ట్రాల పంట ఒక గొలుసుమీదా, ఒక పెద్దాయన అనుభవంమీదా వేలాడింది. ఆయన నేర్చినది నలుగురు కుర్రవాళ్ళకు నేర్పించడం ఏ ప్రాజెక్టు కాగితంలో వున్నది? మనిషి చేతిలోని విద్యను తరువాతివారికి అందించడం కూడ నిలకడ లెక్కలోనిదే.

మూడో పాఠం దిగువన వున్నది. దక్షిణ పినాకిని కంబైనల్లూరు పక్కనుంచి సాగి సాత్తనూరు డ్యాము చేరుతుంది. అది దాటిన తరువాత తిరువణ్ణామలై జిల్లాలో అగరం పల్లిపట్టు, తొండమానూరు మధ్య ఏటిమీద ఒక వంతెన కట్టారు. సుమారు 16 కోట్ల రూపాయల పని. 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. నవంబరు చివర ‘ఫెంగల్’ తుఫాను వచ్చింది. కంబైనల్లూరుకు ఎంతో దూరంకాని ఊత్తంగరైలో ఒక్కరోజులోనే 50 సెంటీమీటర్ల వాన పడింది. ధర్మపురి సీమకు ఏడాది పొడుగునా పడేది సుమారు 85 సెంటీమీటర్లు. అంటే సగం ఏడుకు మించిన వాన ఒక రాత్రీ ఒక పగలులో కురిసిందన్నమాట. సాత్తనూరునుంచి లక్షన్నర క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. ఆ ఉరవడికి మూడు నెలల వంతెన కొట్టుకుపోయింది. 54 వేల క్యూసెక్కుల ప్రవాహానికి లెక్కకట్టి కట్టామనీ, వచ్చినది దానికి ఎన్నోరెట్లనీ ప్రభుత్వం చెప్పింది. పని నాణ్యతమీద ప్రతిపక్షాలు విమర్శలు చేసినవి.

ఆ తగవు తీర్చడం మన పని కాదు. మనకు కావలసిన మాట ప్రభుత్వం చెప్పిన జవాబులోనే వున్నది. నిన్నటి వరదను కొలిచి రేపటి వంతెన కడుతున్నాము. ఇదివరకు నూరేళ్ళకొకసారి వచ్చే వరద అని పక్కన పెట్టినది ఇప్పుడు ఒక తరంలోనే రెండుసార్లు తలుపు తట్టవచ్చు. ఎండలు ముదిరినవి, వానలు కుంభవృష్టులైనవి. ఇది తెలిసి కూడ పాత పట్టికలతోనే ఎస్టిమేటు వేస్తే, ఆ పొదుపు మూడు నెలలకే తేలిపోతుంది. ఒకసారి కట్టి, మళ్ళీ కట్టడంకంటె ఖరీదైన పని లేదు.

ఇదంతా కొత్త చదువేమీ కాదనడానికి మన దగ్గరే రాతిమీద సాక్ష్యం వున్నది. అక్క పినాకిని సీమలో, కడపజిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు వున్నది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని త్రవ్వించి 1369లో సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం అని లెక్క కూడ చెక్కించాడు. ఆ చెరువు నేటికీ వున్నది.

ఆ శాసనంలో అసలు విలువైనది ఇంకొకటి. మంచి చెరువుకు 12 అంగాలు వుండాలన్నాడు. ధర్మమెరిగిన, కలిగిన ప్రభువు. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు. గట్టి బంకనేల. దూరంనుంచి తియ్యని నీరు తెచ్చే ఏరు. ఆనుకోవడానికి కొండ. ఆ కొండల నడుమ మరీ పొడుగుకాని, గట్టి రాతికట్ట. లోతూ వెడల్పూ గల గర్భం. పొడుగాటి రాళ్ళు దొరికే గని. చుట్టూ చదునైన పంటభూమి. పని తెలిసిన మనుషుల జట్టు. ఇట్లా సాగుతుంది ఆ జాబితా. సొమ్ము, విద్య, నేల, నీరు, సామాను, మనుషులు అన్నీ వచ్చినవి చూడండి. రాళ్ళగని దగ్గరలో వుండాలన్నాడంటే సామాను దూరంనుంచి మోసుకురావద్దనే గదా! ఇప్పటివారు దీనినే స్థానిక వనరులు అంటున్నారు.

ఆ తరువాత ఆరు దోషాలు చెప్పాడు. కట్టలో ఊటకారడం ఒకటి. చవుడు నేల ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దున వుండడం ఒకటి. చెరువు మధ్య మెరక ఒకటి. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒకటి. నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం ఒకటి. ఈ కడపటి రెండూ చదివినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది. ఉన్న నీటికి మించి ఆశపెట్టడమూ తప్పే, ఉన్న నీటిని వాడకుండా వృథా చేయడమూ తప్పేనన్నాడు. మూడో దోషాన్ని ఇప్పటి కళ్ళతో చూడండి. దక్షిణ పినాకిని నీటికి కర్నాటకకూ తమిళనాడుకూ తగవు వచ్చి సుప్రీంకోర్టు దాకా పోయింది. హొగెనకల్ పథకానికీ సరిహద్దు తగాదా తప్పలేదు. దాదాపు 650 ఏళ్ళ క్రిందటివాడు దానిని ముందే జాబితాలో వ్రాసిపెట్టాడు. ఇప్పుడు ప్రాజెక్టు మేనేజర్లు ‘రిస్కు రిజిష్టరు’ అని ఒకటి వ్రాస్తారు. ఏ ఆపద రావచ్చు, వస్తే ఎవరు చూసుకోవాలి అని. పోరుమామిళ్ళ రాయి అటువంటి రిజిష్టరే.

మరి అది ఇన్నేళ్ళు ఎట్లా నిలిచింది? ఒక్క రాతివల్ల కాదు. మన సీమలో చెరువు కట్టినవారికీ, దానిని బాగుచేసేవారికీ ‘దశబంధం’ అని మాన్యం ఇచ్చేవారు. చెరువు బాగున్నంతకాలం ఆ భూమి ఫలం వారిది. తూములు తీయడానికీ, మూయడానికీ నీరుగంటి వుండేవాడు, వానికి పంటలో పాలు. అంటే కట్టిననాడే కాపాడేవాని అన్నం కూడ ఏర్పాటు చేశారు. ఆ మాన్యాలు పోయిన తరువాత చెరువు అందరిదీ అయింది, అందరిదీ అయి ఎవరిదీ కాకుండా పోయింది. పూడిక పేరుకున్నది, కాలువలు పూడినవి. చెరువును ఏరి అనే కంబైనల్లూరు సీమలోనూ, చెరువు అనే మన సీమలోనూ జరిగింది ఇదే.

ఇక సోదరి అడిగిన రెండో ప్రశ్న: మనకు పనికివచ్చేది ఏమిటి? మన సంఘాలవారు డ్యాములు కట్టకపోవచ్చు. ఒక కల్యాణమండపమో, పిల్లల గ్రంథాలయమో, గుడి వంటశాలో కడతారు. ప్రారంభోత్సవానికి ఫోటోలు తీస్తారు. రెండేళ్ళకు మోటారు కాలిపోతుంది, నాలుగేళ్ళకు కప్పు కారుతుంది, అయిదో ఏట చందా పుస్తకం మళ్ళీ బయలుదేరుతుంది. దీనిని తప్పించుకోవడానికి ఆరు మాటలు చెబుతాను. పెద్ద ప్రాజెక్టులకూ ఇవే వర్తిస్తాయి.

మొదటిది: తీర్మానం పుటలోనే “ఇది ఎన్నేళ్ళు వుండాలి, ఎవరికి ఏమి మేలు జరగాలి” అని వ్రాయండి. ‘హాలు కట్టుట’ అని కాక ‘ముప్పయ్యేళ్ళపాటు పేదింటి పెళ్ళిళ్ళు తక్కువ ఖర్చులో జరుగుట’ అని వ్రాస్తే, గోడల మందంనుంచి వంటింటి పొగగొట్టం దాకా ఆలోచన మారిపోతుంది.

రెండోది: కొన్న ధర ఒక్కటే చూడకండి, వాడిన ధర కూడ కట్టండి. ఒక లెక్క వేసి చూద్దాం. 12 వేల రూపాయల మోటారు గంటకు ఒకటిన్నర యూనిట్ల కరెంటు తింటుంది, 18 వేలది 1.1 యూనిట్లు తింటుంది అనుకోండి. రోజుకు 4 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిస్తే తేడా 480 యూనిట్లు. యూనిటు 7 రూపాయలైతే ఏటికి 3,360 రూపాయలు. ఎక్కువ పెట్టిన 6 వేలు రెండేళ్ళలోపే తిరిగివస్తాయి, తరువాతది లాభం. టెండరులో అన్నిటికంటె తక్కువ వేసినవాడే మనకు చౌక కాకపోవచ్చు.

మూడోది: ఆపదల జాబితా వ్రాయండి. వరద, కరువు, కరెంటు కోత, నిప్పు, పొరుగువారితో తగాదా, ప్రతిదానికీ ఎదురుగా ఒక మనిషి పేరు వుండాలి. పేరులేని బాధ్యత గాలిలో దీపం. నీటి సంగతి ముందు చూడండి. రెండువేల చదరపుటడుగుల కప్పుమీద ఏటా 85 సెంటీమీటర్ల వాన పడితే, పోయేది పోగా లక్ష లీటర్లకు పైగా దక్కుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2003లో ప్రతి కట్టడానికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. ప్లాను మంజూరుకే దానిని ముడిపెట్టింది కనుక అది చాలా ఇళ్ళలోకి వచ్చింది. ఉపన్యాసాలతో రానిది కాగితంలో ఒక గడితో వచ్చింది. ‘ప్రాజెక్టులో కలపడం’ అంటే అదే. ఐతే ఆ గొట్టాలను ఏటా వానకు ముందు కడగకపోతే అదీ బొమ్మే అవుతుంది.

నాలుగోది: కంట్రాక్టరు ఒప్పందంలో వ్రాయనిది పనిలో కనిపించదు. పాత ఇటుకా, కలపా ఎంత తిరిగి వాడాలి, శిథిలాలు ఎక్కడ వేయాలి, ఏటి ఇసుక ఎక్కడినుంచి తేవాలి, కూలీలకు మంచినీరు, మరుగుదొడ్డి, నీడ వుండాలి, ఆడవారికి మగవారితో సమంగా కూలి ఇవ్వాలి, ఇవన్నీ వ్రాయండి. మనుషులను నలిపి కట్టిన కట్టడానికి సౌరవిద్యుత్తు పెట్టినంతమాత్రాన నిలకడ రాదు.

అయిదోది: పని మధ్యలో సొమ్ము చాలకపోతే మొదట కత్తిరించేది ఈ ఏర్పాట్లనే. వాననీటి గొయ్యి తరువాత, మురుగునీటి దారి తరువాత అంటారు. ఆ ‘తరువాత’ ఎన్నడూ రాదు. కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఏది తగ్గించినా దానివల్ల రేపు పడే ఖర్చు ఎంత, ఎవరు పెట్టుకుంటారు అని మినిట్సులో వ్రాసి సంతకాలు చేయాలి. సంతకం అడిగేసరికి సగం కత్తిరింపులు ఆగిపోతాయి.

ఆరోది: అప్పగింత. తాళాలిచ్చి దండ వేయించుకోవడం అప్పగింత కాదు. గొట్టాల పటం, కరెంటు తీగల పటం, మోటారు కాగితాలు, ఏ నెలలో ఏమి శుభ్రం చేయాలో వ్రాసిన పట్టిక, దాని కొరకు బ్యాంకిలో విడిగా కొంత సొమ్ము, చూసుకొనే మనిషికి నేర్పిన శిక్షణ, ఇవన్నీ కలిసి అప్పగింత. ఏడాదికొకసారి కట్టినవారూ వాడేవారూ కలిసి కూర్చుని అనుకున్న మేలు జరిగిందా అని చూసుకోవాలి.

“ఇదంతా డబ్బున్న కంపెనీల ముచ్చట, చందాలమీద నడిచే మాకెక్కడిది?” అని కొందరు అడుగుతారు. ఆ మాటలో కొంత నిజం వున్నది. మొదటి ఖర్చు కొంత పెరుగుతుంది, కాగితం పనీ పెరుగుతుంది. పైగా కొన్ని కంపెనీలకు ఇది రంగుల నివేదికగా మిగిలిపోయింది. నాలుగు మొక్కల ఫోటో వేసి, వెనుకనుంచి ఏటిలోకి మురుగు వదిలేవారూ వున్నారు. ఇదే దక్షిణ పినాకిని బెంగుళూరు మురుగును మోసుకువచ్చి, హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయం కింద తెల్లని నురుగుగా తేలడం మనవారు ఎన్నిసార్లు చూడలేదు? ఎగువన ఎవరి లెక్కలోనూ లేని ఖర్చు దిగువ రైతు పొలంలో తేలుతున్నది. ఒకరి ప్రాజెక్టు పొదుపు మరొకరికి అప్పు కాకూడదు.

కాని డబ్బు తక్కువవారికే నిలకడ ఎక్కువ కావాలి. ఉన్నవాడు వంతెన పోతే మరొకటి కట్టుకుంటాడు. చందాలతో కట్టినవాడు రెండోసారి ఏ మొగంతో అడుగుతాడు? పోరుమామిళ్ళ ప్రభువుకు కంప్యూటరు లేదు, సర్టిఫికెట్టు లేదు. ఏది వుంటే నిలుస్తుంది, ఏది వుంటే చెడుతుంది అని ముందుగా నెమ్మదిగా ఆలోచించి వ్రాసుకున్నాడు. ఆ ఆలోచనకు ఖర్చు ఒక సాయంత్రం.

రాబోయే సర్వసభ్య సమావేశంలో మీ సంఘం ఏదైనా పని తలపెడితే ఎస్టిమేటు కాగితం వెనుకవైపు తిప్పి, పైన ‘మర్నాడు’ అని వ్రాసి, క్రింద ఈ ఆరు మాటలకూ జవాబులు నింపండి. ఏ గడి ఖాళీగా మిగిలిందో అక్కడే రేపటి చందా పుస్తకం వున్నదని తెలుసుకోండి. అట్లా నింపిన కాగితాలు మనకు పంపితే మంచివాటిని ఈ శీర్షికలోనే అందరి మేలుకొరకు ప్రకటిస్తాము.